ఎగరేయడం వచ్చింది, దించడం కూడా రావాలి

(సూళ్లూరుపేటలో విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

సూళ్లూరుపేట వాళ్లకి రాకెట్ ఎలా ఎగురుతుందో నేను కొత్తగా చెప్పేదేముంది? మేడ ఎక్కితే కనిపిస్తుంది, ఆ శబ్దానికి కిటికీలు అదురుతాయి, ప్రయోగం ఉందంటే ఎక్కడెక్కడి కార్లో వచ్చి పులికాట్ రోడ్డు మీద ఆగుతాయి. కాసేపటికి రాకెట్ కంటికి కనపడకుండా పోతుంది, జనం చప్పట్లు కొట్టి ఇళ్లకెళ్లిపోతారు. ఈరోజు నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ తర్వాతి సంగతి. పైకెళ్లిన ఆ లోహమంతా ఏమవుతోంది, ఎన్నాళ్లు అక్కడే ఉంటోంది, దాన్ని ఇంకోసారి వాడుకోవచ్చా, వాడుకున్నాక దించేది ఎవరు? ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది, దాచుకోకుండా ముందే చెప్పేస్తాను. దించే ఏర్పాటు లేకుండా ఏదీ పైకి పంపకూడదు. దించేలోపు దాంతో ఎంత పని చేయించుకోగలిగితే అంత చేయించుకోవాలి.

2007 జనవరి 10న పక్కనే ఉన్న శ్రీహరికోట ప్రయోగ కేంద్రం షార్ నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ7 ఎగిరింది. ఇక్కడున్న పెద్దవాళ్లలో చాలామంది చూసే ఉంటారు. అందులో కార్టోశాట్-2 అనే ఉపగ్రహం ఉంది, దాంతోపాటు ఎస్‌ఆర్‌ఈ-1 అని 550 కిలోల క్యాప్సూల్ కూడా ఉంది. ఆ క్యాప్సూల్ పన్నెండు రోజులు తిరిగి, జనవరి 22న వాతావరణంలోకి దిగి, కాలిపోకుండా పారాచూట్లతో బంగాళాఖాతంలో పడింది. ఎంత దూరంలో అనుకున్నారు? శ్రీహరికోటకి తూర్పున 140 కిలోమీటర్లు, అంతే. అంతరిక్షానికి వెళ్లిన వస్తువుని మన దేశం మళ్లీ చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి.

అదే రాకెట్‌లో వెళ్లిన కార్టోశాట్-2 మాటేమిటి? అది 635 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ మనకి ఫోటోలు తీసి పంపింది, దాని పని అది చేసింది. పని అయిపోయాక అలాగే వదిలేస్తే సహజంగా కిందికి రావడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టేది. ఇస్రో వాళ్లు అలా వదల్లేదు, మిగిలిన ఇంధనంతో మెల్లగా దించుకుంటూ 2020 మొదట్లోకల్లా 380 కిలోమీటర్లకి తెచ్చారు. అక్కడి నుంచి పల్చటి గాలి రాపిడే దాన్ని లాగింది. 2024 ఫిబ్రవరి 14న హిందూ మహాసముద్రం మీద కాలిపోయింది. ఒకే రోజు ఒకే రాకెట్ ఎక్కిన రెండిట్లో ఒకటి పన్నెండు రోజులకి వస్తే, రెండోది పదిహేడేళ్లకి వచ్చింది, అదీ మనవాళ్లు పట్టుబట్టి దించితే.

ఇక్కడ ఎత్తు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో సగం అంతా ఎత్తులోనే ఉంది. 350 కిలోమీటర్ల దగ్గర వదిలేసిన వస్తువు కొన్ని నెలల్లో కిందికి వచ్చేస్తుంది. 600 దాటితే ఏళ్లూ, దశాబ్దాలూ. 800 దగ్గర వంద ఏళ్లు, అంతకన్నా ఎక్కువ. వెయ్యి దాటితే మన మనవలూ వాళ్ల మనవలూ కూడా దాన్ని పైన చూస్తూనే ఉంటారు. అమెరికా 1958 మార్చిలో పంపిన వ్యాన్‌గార్డ్-1 అని ఒకటిన్నర కిలో కూడా లేని చిన్న గోళం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

తిరిగితే తిరగనీ, ఆకాశం అంత పెద్దది కదా అని అడుగుతారు. నిజమే, పెద్దదే. వేగమే మన పని పడుతుంది. కింది కక్ష్యల్లో ఏ వస్తువైనా సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది, అంటే ఇక్కడ బయల్దేరితే పదకొండు, పన్నెండు సెకన్లలో చెన్నైలో ఉంటుంది. పైగా అన్నీ ఒకే దిక్కుకి పోవు, అడ్డంగా వచ్చేవీ ఎదురుగా వచ్చేవీ ఉంటాయి. ఆ వేగంలో సెంటీమీటరు సైజు ముక్క తగిలినా ఉపగ్రహం పనికిరాకుండా పోతుంది. యూరప్ అంతరిక్ష సంస్థ అంచనా ప్రకారం పది సెంటీమీటర్లకి మించినవి యాభై వేలకు పైనే ఉన్నాయి, ఒకటి నుంచి పది సెంటీమీటర్ల మధ్యవి దాదాపు 12 లక్షలు, ఇంకా చిన్నవి, మిల్లీమీటర్లలో ఉండేవి 13 కోట్లకు పైన. రాడార్లు నమ్మకంగా వెంబడించగలిగేది ఆ పెద్దవాటినే. మధ్యలో ఉన్న ఆ 12 లక్షలే అసలు టెన్షన్, ఎందుకంటే అవి ఉపగ్రహాన్ని చంపేంత పెద్దవి, మన కంటికి చిక్కనంత చిన్నవి.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే భయం కాదు. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, సుమారు 790 కిలోమీటర్ల ఎత్తులో, పనిచేస్తున్న అమెరికన్ ఫోన్ ఉపగ్రహం ఇరిడియం-33, ఎప్పుడో పనిమానేసిన రష్యా కాస్మోస్-2251 ఒకదానికొకటి గుద్దుకున్నాయి. రెండూ ముక్కలయ్యాయి, రెండు వేలకు పైగా పెద్ద ముక్కలు లెక్కకొచ్చాయి. ఒక్కో ముక్కా మళ్లీ ఇంకోదాన్ని గుద్దగలదు, అది ఇంకొన్ని ముక్కలవుతుంది. నాసాలో పనిచేసిన డొనాల్డ్ కెస్లర్ 1978లోనే ఈ గొలుసు గురించి రాశారు. ఒక స్థాయి దాటాక మనం కొత్తగా ఒక్కటీ పంపకపోయినా, ఉన్నవే ఒకదాన్నొకటి కొట్టుకుని ముక్కలు పెరుగుతూ పోతాయని ఆయన హెచ్చరిక.

మీ ఊరికి దీనితో నేరుగా సంబంధం ఉంది. 2023 జులై 14న చంద్రయాన్-3 ఎగిరినప్పుడు దాన్ని నాలుగు సెకన్లు ఆలస్యంగా వదిలారు, పైన ఒక శకలం దగ్గరగా రాబోతోందని లెక్క తేలడంతో. అదే నెల 30న పీఎస్‌ఎల్‌వీ సీ56ని ఇదే కారణంగా ఒక నిమిషం ఆపారు. ఇక్కడ మేడ మీద నిలబడి చూసినవాళ్లకి ఆ నాలుగు సెకన్లు తెలిసి ఉండవు, కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లకి మాత్రం బాగా తెలుసు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగానికి వస్తాను. అది పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ కథ.

పీఎస్‌ఎల్‌వీలో నాలుగు దశలుంటాయని చిన్నపిల్లలు కూడా చెబుతారు. మొదటి మూడూ పని అవ్వగానే ఊడిపోయి సముద్రంలో పడతాయి. నాలుగోది అలా కాదు, అది ఉపగ్రహంతోపాటు కక్ష్యలోకి వెళ్తుంది, ఉపగ్రహాన్ని వదిలిపెట్టి తను కూడా అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. ద్రవ ఇంధనంతో నడిచే దశ అది, ట్యాంకుల్లో అడుగున ఎంతో కొంత మిగులుతుంది. 2001 అక్టోబర్ 22న వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ సీ3 నాలుగో దశ రెండు నెలలు ఊరికే తిరిగి, డిసెంబర్ 19న పేలిపోయింది. ఎవరూ దాన్ని గుద్దలేదు. ఖాళీ అయిందనుకుని ఎండలో పడేసిన గ్యాస్ సిలిండర్ లాంటి పరిస్థితి అది. గంటన్నరకోసారి ఎండలోకీ నీడలోకీ వెళ్లివస్తూ, లోపల మిగిలింది వేడెక్కుతూ చల్లబడుతూ, ఒత్తిడి పెరిగి ఒకరోజు పగిలింది. మూడు వందలకు పైగా ముక్కలు. అందులో కొన్ని ఇరవై ఏళ్లు దాటాక కూడా తిరుగుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత ఇస్రో వాళ్లు నాలుగో దశలో మిగిలిన ఇంధనాన్నీ ఒత్తిడినీ బయటికి వదిలేయడం మొదలుపెట్టారు, ఇంజినీర్ల భాషలో ప్యాసివేషన్ అంటారు. పేలడం ఆగింది. కానీ దశ అలాగే పైన ఉండిపోతోంది కదా? అంత డబ్బు పెట్టి, అంత శ్రమపడి కక్ష్యలోకి చేర్చిన లోహం, ఏ పనీ లేకుండా, ఎవరికీ అక్కర్లేకుండా. అప్పుడు వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఎలాగూ పైకి వెళ్లింది కాబట్టి దాన్నే ఒక బల్లలాగా, ప్రయోగాలు పెట్టుకునే చోటుగా వాడుకుందామని.

2019 జనవరి 24న పీఎస్‌ఎల్‌వీ సీ44తో అది మొదలైంది. చెన్నైలో విద్యార్థులు తయారుచేసిన కలాంశాట్ అనే బుల్లి ఉపగ్రహాన్ని నాలుగో దశకే బిగించి పంపారు, అది విడిపోకుండా అక్కడే ఉండి పనిచేసింది. తర్వాత దశ చుట్టూ సోలార్ పలకలు పెట్టారు, బ్యాటరీ పెట్టారు, అది గింగిరాలు తిరగకుండా కావలసిన దిక్కుకి నిలబెట్టడానికి హీలియం వాయువుతో నడిచే చిన్న థ్రస్టర్లు పెట్టారు. 2022 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ సీ53తో అలా పూర్తి హంగులతో తయారైన మొదటి వేదిక వెళ్లింది, దానికి పోయెం అని పేరు. చెత్తగా మిగలాల్సిన వస్తువు చిన్న ప్రయోగశాల అయింది.

దీనివల్ల లాభం ఎవరికో ఆలోచించండి. ఒక కాలేజీవాళ్లు ఒక సెన్సర్ తయారుచేశారనుకోండి, దాన్ని అంతరిక్షంలో పరీక్షించాలంటే కరెంటు కావాలి, దిశ చూసుకునే యంత్రాంగం కావాలి, భూమితో మాట్లాడే రేడియో కావాలి, అంటే మొత్తం ఉపగ్రహమే కట్టాలి. పోయెంలో అవన్నీ ఉన్నాయి, మీ పెట్టె తెచ్చి బిగిస్తే చాలు. హైదరాబాద్‌లోని ధ్రువ స్పేస్ తన పరికరాలను ఇలాగే పరీక్షించుకుంది, అక్కడిదే టేక్‌మీటుస్పేస్ కూడా పోయెం-4 మీద తన ప్రయోగం పంపింది.

పోయెం-3 నాకు ఇంకా పెద్ద విషయం. 2024 జనవరి 1న వెళ్లిన ఉపగ్రహం ఎక్స్‌పోశాట్‌ని 650 కిలోమీటర్ల దగ్గర వదిలాక, నాలుగో దశ ఇంజిన్‌ని మళ్లీ వెలిగించి దాన్ని 350 కిలోమీటర్లకి దించారు. దించిన తర్వాతే ప్రయోగాలు మొదలుపెట్టారు. తొమ్మిది పరికరాలు, వాటిలో హైడ్రోజన్‌తో కరెంటు తయారుచేసే ఫ్యూయల్ సెల్ ఒకటి. నెల తిరక్కుండా పని పూర్తయింది, మార్చి 21న పసిఫిక్ మహాసముద్రం మీద వాతావరణంలోకి వచ్చి కాలిపోయింది. పైన ఒక్క ముక్క కూడా మిగల్లేదు. 650 దగ్గరే వదిలేసి ఉంటే ఏళ్ల తరబడి తిరిగేది.

2024 డిసెంబర్ 30న వెళ్లిన పోయెం-4లో 24 ప్రయోగాలు పెట్టారు. అందులో ఒకటి బొబ్బర్లు! మన ఇంట్లో వడలు వేసుకునే అలసందలే. ఎనిమిది గింజలు పెడితే నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, ఆకులు కూడా వచ్చాయి. ఇంకొకటి, తిరుగుతూ వచ్చే శకలాన్ని పట్టుకోవడం నేర్చుకునే రోబో చెయ్యి. చెత్త కావాల్సిన దశ మీద నిలబడి చెత్తని పట్టుకోవడం సాధన చేసింది. ఆ పోయెం-4 2025 ఏప్రిల్ 4న హిందూ మహాసముద్రం మీద కాలిపోయింది. 2001 డిసెంబర్ నుంచి 2025 ఏప్రిల్ దాకా ఈ నాలుగో దశ నడిచిన దారి చూస్తే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది, ఎందుకంటే ఇది కొత్త రాకెట్ కట్టి సాధించింది కాదు, ఉన్నదాన్ని ఇంకాస్త జాగ్రత్తగా వాడుకోవడం వల్ల వచ్చింది.

ఇప్పుడు బాధ కలిగించే విషయం కూడా చెప్పాలి. కలాంశాట్ వెళ్లిన ఆ సీ44 రాకెట్‌లో అసలు ప్రయాణికుడు మైక్రోశాట్-ఆర్ అనే ఉపగ్రహం. రెండు నెలల తర్వాత, 2019 మార్చి 27న, మిషన్ శక్తి పేరుతో ఒడిశా తీరం నుంచి క్షిపణి పంపి దాన్నే కొట్టారు. అప్పటి డీఆర్‌డీఓ అధిపతి సతీశ్ రెడ్డి గారు నెల్లూరు జిల్లావారే. కావాలనే తక్కువ ఎత్తు, 280 కిలోమీటర్ల చుట్టుపక్కల ఎంచుకున్నారు, కాబట్టి ముక్కల్లో ఎక్కువ భాగం త్వరగానే రాలిపోయాయి. చైనా 2007లో 860 కిలోమీటర్ల దగ్గర తన ఫెంగ్యున్ ఉపగ్రహాన్ని కొట్టి మూడు వేలకు పైగా ముక్కలు చేసింది, అవి చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. రష్యా 2021 నవంబర్‌లో కొట్టినప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగాములు, వాళ్లలో రష్యన్లు కూడా ఉన్నారు, తమ తిరుగు వాహనాల్లోకి వెళ్లి కూర్చోవాల్సి వచ్చింది. వాటితో పోలిస్తే మనది తక్కువ నష్టం, అది ఒప్పుకోవాలి. అయినా దెబ్బ తీవ్రతకి కొన్ని ముక్కలు అంతరిక్ష కేంద్రం కన్నా ఎత్తుకి ఎగిరాయి, చివరివి రాలడానికి మూడేళ్లు పట్టింది. దేశ రక్షణ అవసరాలు నాకూ తెలుసు. కానీ ఇలాంటి పరీక్షలు ఇక చేయబోమని చెప్పమంటూ 2022 డిసెంబర్‌లో ఐక్యరాజ్య సమితిలో తీర్మానం వస్తే 155 దేశాలు సరేనన్నాయి, మన దేశం ఓటు వేయకుండా ఊరుకుంది. మనం సరేనని ఉండాల్సింది అని నా అభిప్రాయం. పోయెం చేసిన దేశానికి ఆ మాట అనే అర్హత అందరికన్నా ఎక్కువ ఉంది.

సరే, వాడుకోవడం గురించి ఇంకొంచెం. అంతరిక్షంలో ఒకసారి వాడిన వస్తువుని తెచ్చి మళ్లీ అమ్మడం ఎప్పుడో జరిగింది తెలుసా? 1984 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక షటిల్ వదిలిన రెండు ఉపగ్రహాలు, ఇండోనేషియాకి చెందిన పలపా బీ2, అమెరికా కంపెనీది వెస్టార్-6, వాటి మోటార్లు సరిగా మండకపోవడంతో పనికిరాని కక్ష్యలో చిక్కుకుపోయాయి. ఆ నవంబర్‌లోనే డిస్కవరీ షటిల్ వెళ్లింది. జో అలెన్, డేల్ గార్డ్‌నర్ అనే ఇద్దరు వ్యోమగాములు బయటికి వెళ్లి ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని షటిల్‌లోకి ఎక్కించారు. 'అమ్మకానికి' అని రాసిన బోర్డు పట్టుకుని ఫోటో కూడా దిగారు. ఆ మాట నిజమైంది. రెండిటినీ బాగుచేశారు. వెస్టార్-6 ఏషియాశాట్-1గా మారి 1990 ఏప్రిల్‌లో చైనా రాకెట్ మీద మళ్లీ ఎగిరింది, పలపా అదే నెలలో అమెరికా రాకెట్ మీద వెళ్లింది. రెండూ పనిచేశాయి. నలభై ఏళ్ల కిందట సాధ్యమైన పని! ఖర్చు మాత్రం భరించలేనంత, మనుషుల్ని పంపి తేవాలి కాబట్టి, అందుకే అది అలవాటుగా మారలేదు.

కిందికి తేకుండా పైనే బాగుచేస్తే? 2020 ఫిబ్రవరి 25న అది జరిగింది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్య దగ్గర ఇంటెల్‌శాట్-901 అనే ఉపగ్రహం ఉంది, దాని ఎలక్ట్రానిక్స్ అన్నీ బాగున్నాయి, ఇంధనం మాత్రం అయిపోవస్తోంది. నార్త్‌రప్ గ్రమన్ పంపిన ఎంఈవీ-1 అనే వాహనం వెళ్లి దాని వెనక ఇంజిన్ మూతికి అతుక్కుని, ఇక నడిపే పని నేను చూస్తానన్నట్టు దాన్ని మోసింది. ఐదేళ్లు అదనంగా పనిచేయించి, 2025లో పనైపోయినవాటిని పక్కకి పెట్టే శ్మశాన కక్ష్యలో వదిలిపెట్టింది. మనం ఇంట్లో మోటారు పాడైతే మోటారే మారుస్తాం, బావి పూడ్చం కదా, ఉపగ్రహాల్లో ఇన్నాళ్లూ బావులే పూడ్చాం. మన స్పేడెక్స్ ఇక్కడే ముఖ్యమవుతుంది. 2025 జనవరి 16న రెండు ఉపగ్రహాలు, ఒక్కోటి 220 కిలోలు, పైన కలిసి అతుక్కున్నాయి, మార్చిలో విడిపోయాయి. డాకింగ్ అంటే అందరూ అంతరిక్ష కేంద్రం, చంద్రుడు అంటారు, నాకైతే రేపు మన సమాచార ఉపగ్రహాలైన జీశాట్‌లకి ఇంధనం పోసే, రిపేరు చేసే వాహనం కనిపిస్తుంది.

రాకెట్లలో మళ్లీ వాడటం సంగతి మీకు తెలిసిందే, స్పేస్ఎక్స్ వాళ్ల ఫాల్కన్ మొదటి దశలు ముప్పై సార్లకు మించి ఎగిరినవి కూడా ఉన్నాయి. మళ్లీ వాడుకోవడానికి ఇస్రో చేసిన రెక్కల వాహనం పుష్పక్ 2024 జూన్‌లో చిత్రదుర్గ దగ్గర దిగినప్పుడు, అంతకుముందు మార్చిలో దిగిన రెక్కల శరీరాన్నీ దాని పరికరాలనూ మార్పు లేకుండా వాడారు. అందరూ ఇటే వెళ్తున్నారని మాత్రం అనుకోకండి. గతంలో షటిళ్లతో పలుమార్లు ఎగిరొచ్చిన ఇంజిన్లు నాలుగిటిని 2022లో చంద్రుడి వైపు వెళ్లిన ఆర్టెమిస్-1 రాకెట్‌కి బిగించారు, అవి ఈసారి సముద్రంలోకి వెళ్లిపోయాయి. అంత మంచి ఇంజిన్లు.

పాతవాటిని దించడంలో ఒక చిక్కు ఉంది, అది ఇంజినీరింగ్ చిక్కు కాదు. 1967 అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశం పంపిన వస్తువు ఎప్పటికీ ఆ దేశానిదే, పాడైపోయినా సరే, ముక్కలైనా సరే. అడగకుండా ముట్టుకోకూడదు. అందుకే జపాన్ కంపెనీ ఆస్ట్రోస్కేల్ 2024లో ఏడ్రాస్-జే అనే వాహనంతో పాత రాకెట్ దశ దగ్గరికి వెళ్లినప్పుడు తన దేశపు దశనే ఎంచుకుంది. 2009లో వదిలిన, పదకొండు మీటర్ల పొడవు, మూడు టన్నుల బరువున్న దశ అది. సిగ్నల్ పంపదు, సహకరించదు. అలాంటిదాని చుట్టూ తిరిగి ఫోటోలు తీసి, నవంబర్ 30న 15 మీటర్ల దూరం దాకా వెళ్లింది. పట్టుకుని దించడం తర్వాతి ప్రయాణంలో చేస్తారట.

ఇక డబ్బు. దించడానికి ఇంధనం దాచుకోవాలి, దాచుకున్న ఇంధనంతో ఇంకో ఏడాది వ్యాపారం చేసుకోవచ్చు, కాబట్టి ఎవరికీ దాచబుద్ధి కాదు. అమెరికాలో డిష్ అనే కంపెనీ ఎకోస్టార్-7 ఉపగ్రహాన్ని శ్మశాన కక్ష్యకి, 300 కిలోమీటర్లు పైకి పంపి వదిలేస్తానని ఒప్పుకుని, ఇంధనం చాలక 122 దగ్గరే వదిలేసింది. 2023లో లక్షా యాభై వేల డాలర్ల జరిమానా పడింది. ఆ కంపెనీకి అదెంత? కానీ అంతరిక్ష చెత్తకి అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వేసిన మొదటి జరిమానా అది, అందుకే చెబుతున్నాను. అంతకుముందు ఏడాదే అమెరికా నియమం మార్చి, పని అయ్యాక పాతికేళ్లలోపు దించాలి అన్నదాన్ని ఐదేళ్లు చేశారు. మనవైపు 2024 ఏప్రిల్‌లో అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ గారు, 2030కల్లా ప్రభుత్వ, ప్రైవేటు ప్రయోగాలన్నీ శకలాలు మిగల్చకుండా జరగాలన్న లక్ష్యం ప్రకటించారు. అది ఉత్తమాట కాదనడానికి మేఘా ట్రాపిక్స్ ఉంది. ఆ వెయ్యి కిలోల ఉపగ్రహం 2011లో ఇక్కడి నుంచే వెళ్లింది. దాన్ని కట్టినప్పుడు ఇలా దించాలనే ఆలోచనే లేదు. 867 కిలోమీటర్ల ఎత్తు, వదిలేస్తే వందేళ్లకు పైగా. 125 కిలోల దాకా ఇంధనం మిగిలి ఉండటంతో మెట్టుమెట్టుగా దించి, 2023 మార్చి 7న పసిఫిక్‌లో మనుషులు లేని చోటు చూసి మరీ పడేశారు.

దించితే కాలిపోతుంది, గొడవ తీరిపోతుంది అనుకుంటాం. అదీ పూర్తిగా నిజం కాదు. 1979 జులైలో స్కైలాబ్ పడుతుందని మన ఊళ్లలో ఎంత భయపడ్డారో ఇక్కడున్న పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారని చెప్పుకుంటారు. చివరికి ముక్కలు ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ దగ్గర పడ్డాయి. 2024 మార్చిలో అంతరిక్ష కేంద్రం పాత బ్యాటరీల మూట నుంచి ముప్పావు కిలో లోహపు ముక్క ఒకటి కాలకుండా వచ్చి ఫ్లోరిడాలో ఒక ఇంటి కప్పు చీల్చుకుని లోపల పడింది. కాలిపోయినా, ఆ అల్యూమినియం గాలిలోనే ఉంటుంది. 2023లో అమెరికా పరిశోధకులు విమానంతో ఎత్తైన గాలి పొరల్లో నమూనాలు తీస్తే, అక్కడి ఆమ్ల కణాల్లో పదో వంతు వాటిలో ఉపగ్రహాల, రాకెట్ల లోహాలు దొరికాయి. జపాన్ క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు అందుకే చెక్కతో చిన్న ఉపగ్రహం చేసి 2024లో పంపారు. కాబట్టి కాల్చేయడం మంచిదే, అన్నిటికన్నా మంచిది తక్కువ పంపడం, పంపినదాన్ని ఎక్కువకాలం వాడటం.

ఇంకొక్కటి చెప్పి ప్రశ్నలకి వస్తాను. సుమారు 420 టన్నుల అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని 2030 తర్వాత సముద్రంలోకి దించబోతున్నారు, ఆ పనికి వాహనం చేసే కాంట్రాక్టు కూడా ఇచ్చేశారు. విడగొట్టి తేవడం, పైకి నెట్టి దాచడం, భాగాలు వాడుకోవడం, అన్నీ నాసా ఆలోచించి వద్దనుకుంది. పైకి నెడితే చెత్త ఎక్కువున్న ఎత్తుకి వెళ్తుంది, ఎవరూ లేనప్పుడు దెబ్బ తింటే అదే పెద్ద ప్రమాదం. వాళ్ల లెక్క నాకు అర్థమవుతుంది, కానీ మనసు ఒప్పుకోదు. మనం కట్టబోయే భారతీయ అంతరిక్ష స్టేషన్‌ని ముక్కలు విప్పి మార్చుకునేలా, పాత భాగాన్ని ఒక్కటొక్కటిగా దించేలా ఇప్పుడే గీయాలి. కట్టాక గీయలేం.

[ఒక విద్యార్థిని: సార్, పైన ఉన్న చెత్తనంతా ఒకచోటికి చేర్చి కరిగించి, అక్కడే కొత్త ఉపగ్రహాలు చేయొచ్చు కదా?]

మంచి ప్రశ్న అమ్మా. లోహం పైన ఉంది, సోలార్ విద్యుత్తు ఉంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. చిక్కు ఒకచోటికి చేర్చడంలో ఉంది. ఒక్కో వస్తువు తిరిగే కక్ష్య ఒక్కో వంపులో ఉంటుంది. ఆ వంపు పది డిగ్రీలు మార్చాలన్నా సెకనుకు 1.3 కిలోమీటర్ల వేగం అదనంగా కావాలి, అంత ఇంధనం పెట్టి ఒక పాత ముక్కని తెచ్చే బదులు కింది నుంచి కొత్తది పంపడం తేలిక. ఒక్కచోట మాత్రం నాకు ఆశ ఉంది. సోవియట్ కాలంలో రూపొందిన జెనిత్ రాకెట్ పైదశలు, ఒక్కోటి దాదాపు తొమ్మిది టన్నులు, ఇరవై దాకా, సుమారు 840 కిలోమీటర్ల ఎత్తున ఒకే వంపులో ఉన్నాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైన శకలాల జాబితాలో ముందుండేవీ అవే. రష్యా ఒప్పుకుంటే, మొదట వాటితో మొదలుపెట్టాలి. కరిగించడం సంగతి తర్వాత, ముందు అవి గుద్దుకోకుండా చూడాలి.

[ఇంకో విద్యార్థి: మేం చేయగలిగింది ఏమైనా ఉందా సార్?]

ఉంది నాన్నా. పోయెం మీద చోటు కోసం, ప్రైవేటు అంతరిక్ష పనులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌-స్పేస్ ద్వారా కాలేజీలు అడగొచ్చు, చిన్న పరికరమైనా సరే, ఇంతకుముందు వెళ్లినవాళ్లలో కాలేజీల వాళ్లూ ఉన్నారు. అది కుదరకపోతే లెక్కల వైపు రండి. ఉపగ్రహాల కక్ష్యల వివరాలు రోజూ అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడుతున్నారు, కొంచెం కోడింగ్ వచ్చినా రెండు వస్తువులు ఎప్పుడు ఎంత దగ్గరికి వస్తాయో మీరే కట్టి చూడొచ్చు. బెంగళూరులో ఇస్రో కేంద్రంలో కూర్చున్నవాళ్లు ప్రతి ప్రయోగానికి ముందు చేసేది అదే లెక్క, ఇంకా పెద్ద ఎత్తున. పైన ఒకేసారి పది వస్తువుల్ని వెంబడించే రాడార్ మీ పక్కనే శ్రీహరికోటలో ఉంది. మీ కాలేజీ తరఫున ఒక ఉత్తరం రాసి, చూడటానికి అనుమతి అడగండి. ఉత్తరం రాయడానికి సాయం కావాలంటే సభ అయ్యాక నా దగ్గరికి రండి, ఇక్కడే ఉంటాను.